అక్కా, ఒక మాట: గేటు బయట షికారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్ల మూడు ఒక్క తీరుగనే ఉన్నయ్, టికెట్ కొనకుండ ఇద్దరం యాడికి పోవాలె అని. ఒకటేమో అమెరికా నుంచి, ఒకటి కాజీపేట నుంచి, ఇంకోటి కరీంనగర్ నుంచి. అందుకే ఈ వారం అత్తాకోడండ్ల లొల్లి ముచ్చట్లు పక్కకు పెట్టిన, వాటికి వచ్చే వారం జవాబు రాస్త, ఎవలూ కోపానికి రావొద్దు.

ప్రశ్న: అక్కా నమస్తే. మా తల్లిగారిది హన్మకొండ, మొన్న మేలనే పెళ్లయింది, మా ఆయనను కంపెనీ ఓర్లాండోకు పంపిస్తే నేను డిపెండెంట్ వీసా మీద వచ్చిన, నాకు ఇక్కడ జాబ్ చేసేతందుకు లేదు, ఒక్క జీతం, అండ్ల నుంచే పెళ్లి అప్పు ఈఎంఐ ఇండియాకు పోతది. మేం ఉండేది కిస్సిమ్మీల, ఇంటి నుంచి డిస్నీ వరల్డ్‌కు కార్ల ఇరవై నిమిషాలే, రోజు రాత్రి పటాకుల సప్పుడు వినొస్తది కానీ లోపలికి పోలేం, టికెట్ ఒక్కలకు ఒక్కరోజుకే 119 డాలర్ల నుంచి మొదలైతది, పండగల్ల ఇంకా ఎక్కువ, పార్కింగ్ పైసలు వేరే, ఇద్దరికి కలిపితే మన పైసల్ల ఇరవై వేలు దాటుతది. మా ఆయన పోదాం తీయ్ అంటడు గాని నాకు మనసొప్పుతలేదు. లోపలికి పోకుండ ఆ చుట్టుపక్కలనే ఇద్దరం ఒక పూట మంచిగ గడిపేటట్టు ఏమన్న ఉంటదా? సెక్యూరిటోళ్లు ఎల్లగొడితే పరువు పోతదని భయం.

జవాబు: చెల్లె, నువ్వు సరిగ్గ అడగాల్సినదాన్నే అడిగినవ్. రెండేండ్ల కింద మా మరిది ఇంటికాడ నెలన్నర ఉండొచ్చిన నేను, ఆయన మాకు ఒక్క రోజుకే టికెట్ కొన్నడు, మిగిలిన రోజులు నేను మా ఆయన బయటబయటనే తిరిగినం, నిజం చెప్పాలంటే లోపల చూసింది సగం మర్చిపోయిన, బయట తిరిగిందే యాదికున్నది.

మనోళ్లు డిస్నీ అంటే ఒక్క పార్కు అనుకుంటరు. కాదు, అది 1971 అక్టోబర్ 1న తెరిచిన జాగ, ఒక ఊరంత ఉంటది, అండ్ల టికెట్ పెట్టి పోయే పెద్ద పార్కులు నాలుగే: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. మిగిలిందంత హోటళ్లు, చెరువులు, అడవి. వీటి నడుమ జనాన్ని మోసేతందుకు బస్సులు, పడవలు, మోనోరైలు, తీగల మీద నడిచే డబ్బాలు పెట్టిన్రు, ఎక్కినందుకు పైస తీసుకోరు. ఎందుకు తీసుకోరంటే నువ్వు యాడ దిగినా ఏదో ఒకటి కొంటవని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పించుడే మన పని. మోసే బండ్లనే ఆట అనుకో, ఆటకు టికెట్ లేదు.

కారు డిస్నీ స్ప్రింగ్స్‌ల పెట్టుండ్రి, అది పెద్ద బజారు, లోపలికి పోనికి టికెట్ లేదు, పార్కింగ్ గ్యారేజీలు కూడ ఫ్రీ, వాటికి నిమ్మ పేరు ఒకదానికి, ఆరెంజ్ పేరు ఒకదానికి పెట్టిన్రు, మీరు ఏ పండుల పెట్టిన్రో ఫోన్ల ఫోటో కొట్టుకోండ్రి, మా ఆయన యాదుంటది తీయ్ అని గంట సేపు దేవులాడిండు. అక్కడ లెగో దుకాణం ముంగట నీళ్లల్ల లెగో ముక్కలతోని కట్టిన పెద్ద పాము తలకాయ ఉంటది, పొద్దుమూకినంక పాటలు పాడేటోళ్లు వస్తరు, చూస్కుంట తిరిగితే గంట యిట్టే పోతది. కానీ అక్కడ్నే ఆగిపోకండ్రి, అది చివరికి బజారే, బజార్ల ఎంతసేపు తిరిగినా చేతి సంచి మీదికే మనసు గుంజుతది.

అక్కడి పడవల రేవుకు పోయి పోర్ట్ ఓర్లీన్స్ అని రాసి ఉన్న పడవ ఎక్కుండ్రి. కాలువ మీద మెల్లగ పోతది, రెండు దిక్కుల చెట్లు, చెట్ల నడుమ కాళ్ల మీద నిలబెట్టిన ఇండ్లు. ఇరవై నిమిషాలు పైనే పడ్తది, ఆ ఇరవై నిమిషాలల్ల మా ఆయన ఒక్కసారి కూడ ఫోన్ తీయలే, మా పెండ్లయి ఇరవై రెండేండ్లల్ల అదే రికార్డు. అక్కడి ఫ్రెంచ్ క్వార్టర్ అనే హోటల్ కాడ దిగితే బెన్యే అని అమ్ముతరు, మిక్కీ ఎలుక ఆకారంల నూనెల కాల్చిన మైదా ముద్ద, మీద పొడి చక్కెర, మన చక్కెర పూరీకి చుట్టం. ఒక్క ప్లేటే కొనుండ్రి, ఇద్దరు తినుండ్రి. నల్ల చీర, నల్ల డ్రెస్సు ఏసుకొని పోకు, ఆ చక్కెరంత మీదనే పడ్తది, నేను పడేసుకున్న.

ఇగ నాకు అన్నిటికన్న నచ్చింది చెప్త. డిస్నీ స్ప్రింగ్స్ నుంచి పాప్ సెంచరీ హోటల్‌కు బస్సు ఉంటది (పార్కులకు మాత్రం డైరెక్టు బస్సు పెట్టలే, ఫ్రీ పార్కింగుల బండి పెట్టి అందరు పార్కుకు పోతరని వాళ్లకు ఎరుకే), ఆడ దిగితే స్కైలైనర్, 2019ల పెట్టిన తీగ డబ్బాలు, ఏసీ లేదు గాని పైకి పోయినంక గాలి తాకుతది. కరీబియన్ బీచ్ అనే హోటల్ కాడ మారి ఎప్‌కాట్ డబ్బా ఎక్కితే చెరువు మీదినుంచి, హోటళ్ల మీదినుంచి తీస్కపోయి ఎప్‌కాట్ ఎనక గేటు కాడ దించుతది. అందరు గేటు దిక్కు ఉరుకుతరు, మీరు మాత్రం పక్కకు మలిగి నడువుండ్రి, అయిదు పది నిమిషాల్ల బోర్డ్‌వాక్ వస్తది. చెరువు ఒడ్డుకు చెక్కలు పరిచిన పొడుగు బాట అది, ఒక్క దిక్కు పాతకాలం తీరు హోటలు, ఇంకో దిక్కు నీళ్లు. ఆ చెరువు మీద వంతెన ఒకటి ఉంటది, అక్కడ నిలబడితే ఎప్‌కాట్ పటాకులు కనపడ్తయి. కింది సగం చెట్లు అడ్డమొస్తయి, మీది సగం మాత్రం టికెట్ కొన్నోళ్లకు మనకు ఒక్కటే. ఆ రోజు టైమెంతనో వాళ్ల యాప్‌ల చూసి పోండ్రి, అర్ధగంట ముందు పోతే రెయిలింగ్ దొరుకుతది. అయిపోయినంక బోర్డ్‌వాక్ కాణ్నించి మళ్ల బస్సెక్కి కారు కాడికి.

ఒక్కటి యాదిపెట్టుకో. ఎండకాలంల ఓర్లాండోల మధ్యాహ్నం మూడు నాలుగు గొట్టంగ మబ్బులు కమ్ముకొని ఉరుములు మెరుపులు రోజు ముచ్చట, మెరుపులొస్తే స్కైలైనర్ ఆపుతరు, పడవలు కూడ ఆపుతరు. ఛత్రి కార్ల పెట్టి పోయినం మేము, నిండ తడిసినం. వాన కొట్టి పోయినంక బయలెల్లుడు మంచిది, చల్లగుంటది, జనం కూడ తగ్గుతరు.

ఇంకో పూట మోనోరైలు పెట్టుకోండ్రి. బస్సు మీద కాంటెంపరరీ హోటల్‌కు పోతే ఆ రైలు హోటల్ బిల్డింగు నడుమ నుంచి పోతది, అవ్ చెల్లె, బిల్డింగు లోపలి నుంచే, కింద జనం టేబుళ్ల కాడ కూసోని తింటుంటే నెత్తి మీదికెళ్లి రైలు. నేనైతే మొదటిసారి చూసి నిలబడ్డ కాడనే నిలబడ్డ, ఎనకనున్నామె ఎక్స్‌క్యూజ్ మీ అన్నదాక. అది ఎక్కి పాలినేషియన్ హోటల్ కాడ దిగితే చెరువు ఒడ్డుకు ఇసుక, కుర్చీలు, అవతలి ఒడ్డుకు మ్యాజిక్ కింగ్‌డమ్ కోట చిన్నగ మెరుస్తుంటది. పైనాపిల్ ఐస్‌క్రీమ్ ఒకటి, మళ్లొకసారి చెప్తున్న ఒక్కటే, కొనుక్కొని కూసోండ్రి. కోట మీది పటాకులు అక్కడికి నిండ కనపడ్తయి. అవి అయినంక లేచిరాకు. నీళ్ల మీద చీకట్ల ఒకదాని ఎనక ఒకటి లైట్ల బొమ్మలు పోతయి, పాము, తాబేలు, తిమింగలం, పాట పెట్టుకుంట. అది 1971 నుంచే నడుస్తున్నదట. పటాకుల లెక్క దడదడ ఉండదు, మెల్లగ పోతది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండంల బతుకమ్మలు నీళ్ల మీద కదిలిపోతయి సూడు, అట్ల. నాకు ఆ చీకట్ల ఇంటి మీద మనసు మళ్లింది, నీకు ఇంకా ఎక్కువనే మళ్లుతది, రుమాలు పెట్టుకొని పో. అన్నట్టు నీళ్లల్ల కాళ్లు పెట్టకండ్రి, అండ్ల మొసళ్లుంటయి, బోర్డులు కూడ పెట్టిన్రు, తమాషా కాదు.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ ముచ్చట కూడ చెప్పాలె. హోటల్ ఎనక మైదానంల జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటయి, లాబీల నుంచి ఎనకకు నడిస్తే చూసే జాగ ఉంటది, పొద్దు గూకక ముందు పోవాలె. అక్కడి సనా అనే హోటల్ల నాన్లు, రొట్టెలు అయిదు రకాలు, తొమ్మిది రకాల చట్నీలతోని తెచ్చి పెడ్తరు, కిటికీ అవతల జిరాఫీ. ఆ చట్నీలకు అన్ని డాలర్లా అని మా ఆయన మొకం మాడ్చుకున్నడు, నేను రుచి చూసి మా ఇంటి పల్లీల తొక్కు ముంగట దిగదుడుపే అన్న, అయినా పెళ్లిరోజుకు ఒక్కసారి పెట్టుకోవచ్చు. టేబుల్ ముందుగాల బుక్ చేస్కుంటే హోటల్ పార్కింగుల కారు పెట్టనిస్తరు, గేటు కాడ పేరు చెప్పుడే.

ఎల్లగొడ్తరా అని అడిగినవ్. లాబీల కూసున్నందుకు, ఒడ్డుకు నడిచినందుకు మమ్మల్ని ఎవలూ ఏమనలే. బుకింగ్ లేకుండ హోటల్ గేటు కాడికి కారు తెస్తే మాత్రం ఎనకకు మలుపుతరు, అందుకే బస్సు అంటున్న. క్రిస్మస్ వారంల, పండగ రద్దీల బస్సు కాడ కూడ రూమున్నోళ్లా కాదా అని అడుగుతరు, ఆ దినాలల్ల పోకుంటెనే మంచిది. స్విమ్మింగ్ పూల్ మాత్రం హోటల్ల దిగినోళ్లకే, ఆ ఆశ పెట్టుకోకు. తాగే నీళ్లు కొనకండ్రి, తిండి కౌంటర్ కాడ ఐస్ వాటర్ అని అడిగితే గ్లాసుల పోసి ఉత్తగనే ఇస్తరు. మంచి చెప్పులేసుకో, కొత్తయి వద్దు. మీ ఆయనకు చెప్పు, టికెట్ పైసలు మిగిల్చినందుకు నీకో గాజుల జత బాకీ అని.

ప్రశ్న: అక్కా, నేను కాజీపేట, నాకు ఎంగేజ్‌మెంట్ అయింది, పిల్లది నర్సంపేట, పెండ్లి ఇంకా నాలుగు నెలలున్నది. రెండు దిక్కుల పెద్దోళ్లు కలిసి ఒక్క రోజు బయటికి పోయి రాండ్రి గాని చీకటి పడకముందే ఇంటికి రావాలె అన్నరు. ఆమెకు రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలని ఆశ. నా దగ్గర ఇప్పుడు పైసలు లేవు, షాపుల జీతం పెండ్లి చీరలకే సరిపోతలేదు. టికెట్ తీయకుండ బయటనే తిరిగి ఫోటోలు దిగి రావొచ్చా?

జవాబు: రావొచ్చు తమ్ముడు, వస్తే హైవే మీద లారీలతోని ఫోటో వస్తది. రామోజీ ఫిల్మ్ సిటీ ఓర్లాండో తీరు కాదు, అబ్దుల్లాపూర్‌మెట్ కాడ 1666 ఎకరాల జాగ, సెట్లు, హోటళ్లు, తోటలు అన్ని గేటు లోపలనే, లోపల తిప్పే బస్సు కూడ టికెట్లనే కలిపి ఉంటది. గేటు బయట విజయవాడ రోడ్డు తప్ప ఏం లేదు. పైగా వరంగల్ నుంచి హైదరాబాదే 145 కిలోమీటర్లు, అక్కడ బస్సు మారి మళ్ల విజయవాడ రోడ్డు దిక్కు పోవాలె, చీకటి పడకముందు ఇల్లు చేరాలంటే నువ్వు లోపల సగం కూడ చూడలేవు. పెండ్లయినంక మొదటి జీతంల పైసలు పక్కకు పెట్టి ఒక రోజు పూర్తిగ తీస్కపో, ఇప్పుడు సగం సగం చూపిస్తే ఆ సగమే జీవితాంతం దెప్పుతది.

ఇప్పటికైతే రామప్ప గుడికి పోండ్రి. లెక్క చెప్త విను. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల పైస లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తడు. అంటే ఆమె నర్సంపేట నుంచి హన్మకొండ బస్టాండ్‌కు సున్నా, అక్కణ్నించి ములుగుకు సున్నా, ములుగు నుంచి గుడి ఉన్న పాలంపేటకు బస్సు దొరికితే సున్నా, టికెట్ నీకొక్కనికే. డీలక్స్ మాత్రం ఎక్కకు, అండ్ల జీరో టికెట్ నడ్వది, ఆమె ముంగట ఇజ్జత్ పోతది. ఆధార్ తెచ్చుకోమని రాత్రే మెసేజ్ పెట్టు. జీరో టికెట్ పారేయొద్దని కూడ చెప్పు, మా చెల్లె బిడ్డ ఆమెకు నిశ్చయమైనంక పోయిన మొదటి బస్సు జీరో టికెట్ ఇంకా పర్సుల పెట్టుకొని తిరుగుతది, దాని మీద సిరా అంత ఎల్సిపోయింది, తెల్ల కాగితం ముక్కనే మిగిలింది.

బస్సుల కిటికీ సీటు ఆమెకియ్యి. ఇద్దరు ఇప్పటిదాక ఫోన్లనే మాట్లాడుకున్నరు కద, ములుగు బస్సుల పక్కపక్క కూసుంటే మొదట్ల నోట మాట రాదు, అది మామూలే, ఆత్మకూరు దాటంగనే వస్తది.

రామప్ప 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021ల యునెస్కో గుర్తింపొచ్చింది, గుడికి దేవుని పేరు గాక చెక్కిన శిల్పి పేరు నిలిచింది. ఇవన్ని గైడు చెప్తడు, నువ్వు అప్పజెప్పకు, పిల్లకు నిద్రొస్తది. నువ్వు చేయాల్సింది ఒకటే, చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడోళ్ల బొమ్మలు ఉంటయి, అండ్ల ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటయి. యాడున్నదో చెప్పకు, దేవులాడమను. నేను పోయిన ప్రతిసారి అక్కడ నిలబడి మెడ నొప్పి పెట్టేదాక చూస్త, ఎనిమిదొందల ఏండ్ల కింద ఆ శిల్పి ఎవల కాళ్లకు చూసి చెక్కిండో అని. గుడి శిఖరం కట్టిన ఇటుకలు నీళ్లల్ల తేలుతయని చెప్పినప్పుడు మాత్రం ఆమె నమ్మదు, అప్పుడు కొద్దిసేపు కొట్లాడుకోండ్రి. పక్కనే రామప్ప చెరువు, కట్ట మీద ఇంటికాణ్నించి తెచ్చుకున్న పులిహోర తినుండ్రి. ఆమెను సర్వపిండి తెమ్మను, నర్సంపేట దిక్కు మంచిగ చేస్తరు, అడిగినవని ఆమెకు కూడ సంబురమైతది.

పాకాల చెరువు నర్సంపేట పక్కనే కద, అటు పోదాం అని ఆమె అంటే వద్దను. జాగ మస్తుంటది, కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి, కానీ ఊరి పక్కకు పోతే మీరు ఇల్లు చేరకముందే మీ ముచ్చట చేరుతది. పెండ్లయినంక పోండ్రి.

వాన పడి ములుగు దాకా పోవుడు కాకుంటే కోట చూసుకోండ్రి, వరంగల్ కోట అంటే తోరణాలు ఒక్కటే అనుకుంటరు గాని రాతి గోడ, మట్టి గోడ, వంకర టింకర దర్వాజాలు, వాటి నడుమ ఇప్పటికి ఇండ్లు, బర్లు, ఆరేసిన బట్టలు, అటుకెల్లి నడుస్తే రోడ్డే, తోరణాల ఆవరణ ఒక్క కాడనే టికెట్. సాయంత్రం వేయిస్తంభాల గుడి కాడికొచ్చి ఎదురుంగ బండి మీద మిర్చిబజ్జీ, అయిపాయె, చీకటి పడకముందే బస్సెక్కించు. ఎక్కించుడు కాదు, సీటు దొరికేదాక నిలబడు, వాళ్ల నాయన అదే అడుగుతడు.

ప్రశ్న: అక్కా, కరీంనగర్ నుంచి. మా పెండ్లయి పదకొండేండ్లు. కేబుల్ బ్రిడ్జి మీదికి పోదాం అని మా ఆయనను ఎన్నిసార్లు అడిగినా "అది బ్రిడ్జి, అటు పోవాలంటే పనుండాలె" అంటడు. పోయిన నెల పిల్లలు అడిగితే ఒక పార్కుకు తీస్కపోయి వేలకు వేలు పెట్టిండు, అక్కడ లైన్ల నిలబడి నిలబడి ఒక్క ముచ్చట మాట్లాడుకోలే. ఈయనను ఎట్ల ఒప్పియ్యాలె?

జవాబు: ఒప్పియ్యకు చెల్లె, పని చెప్పు. అవతలి ఒడ్డుకు చుట్టాలింటికి పోవాలె, బండి ఖరాబున్నది, నడుద్దాం అను. 2023ల తెరిచిన బ్రిడ్జి అది, మానేరు మీద తీగలతోని ఏలాడుతున్నట్టుంటది, సాయంత్రం ఆరు తర్వాత గాలి మంచిగొస్తది, సగం దూరం పోయినంక చుట్టాలు ఊర్ల లేరట అని చెప్పు. పిల్లలను అత్తమ్మ కాడ వదిలిపెట్టు, వాళ్లొస్తే మళ్ల ఐస్‌క్రీమ్ లొల్లి. మక్కకంకి అమ్ముతుంటే ఒక్కటే కొనమను. రెండు కొంటే ఎవల కంకి వాళ్లు తినుకుంట ముంగటికి నడుస్తరు, మీ ఆయన అడుగులు ఎట్లాగు పెద్దయి.